మందు నీళ్ళతో మీ తద్దినం

ఏమండీ, మీకెప్పుడూ ఉత్తరం రాయలేదు. ఈ రోజు మీ అక్కయ్య మాటను మొదటిసారి కాదన్నాను. అది మీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

ఆత్మకూరులో మళ్ళీ వాంతిభేది మొదలైంది. నిన్న ఆరోగ్యశాఖ వాళ్ళు మన వీధి బావిలో మందు కలిపిపోయారు. ఈ రోజు మీ తద్దినం. మడి కట్టుకుని బిందెతో బయలుదేరితే మీ అక్కయ్య గడపలో అడ్డం నిలబడింది.

"ఆ కంపు నీళ్ళతో తద్దినం ఏంది? బావి మైలపడింది. వాగులో చెలమ తీసి తెచ్చుకో, పో!"

"వదినా, మీ తమ్ముడు ఈ బావి మడినీళ్ళు తాగే వాంతిభేదితో పోయినారు. అప్పుడీ బావిలో ఏ కంపూ లేదు" అన్నాను.

గొంతు పెంచలేదు. దేవుడికి దండం పెట్టుకుని, ఆ నీళ్ళే తోడి వంటంతా చేశాను. భోక్త చెంబు ఎత్తి, "ఏందమ్మా, ఆస్పత్రిలో కూర్చున్నట్టుండాదే!" అన్నాడు.

"ఇవి తాగితే అక్కడికి పోయే పనుండదు, తాగండి స్వామీ."

ఆయన నవ్వి తాగాడు. మీ అక్కయ్య అన్నం ముట్టలేదు.

ఈ కాగితాలు మీ పటం వెనక పెడుతున్నాను, మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరికీ చూపించకండి. ఇక ఈ నీళ్ళే తాగాలని ఆమెకు రేపు పొద్దున ఆ బావిలోనే బిందె ముంచి, నేనే చెబుతాను.