కంపెనీ దగ్గర ఉండిపోయిన నా గొంతు

కార్మిక శాఖ అధికారి గారి సముఖమునకు,
పరుపుల దుకాణంలో దుప్పట్లు సర్దు ఉద్యోగిని, డిగ్రీ పాసైనది, స్వయంగా రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా గొంతు నాకు తెలియకుండా ఉద్యోగం చేయుచుండుట, మా పిన్ని ఇంటి గుట్టు రాబట్టుట, తత్ఫలితంగా మా బాబాయిని బస్సు దింపివేయుట, ఆ నింద నా మీద పడుట - వీటి గురించి.

మా ఇంట్లో నన్ను చాడీలకోరు అంటున్నారు. అర్జీ ఇలా మొదలుపెట్టకూడదని తెలుసు. మీ ఆఫీసు గేటు దగ్గర అర్జీలు రాసిపెట్టే పెద్దాయన కూడా “ముందు చట్టం రాయించమ్మా, ఏడుపు చివర్లో పెడదాం” అన్నాడు. ఆయనకో దండం పెట్టి నేనే రాసుకుంటున్నాను. నాకు తగిలింది ముందు ఇంట్లోవాళ్ల మాట. చట్టం సంగతి ఇంకా తెలుసుకోవాల్సే ఉంది. అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్ని. ఆవిడ ఇప్పుడు నేను గుమ్మంలోకి వస్తే మాట మింగేస్తోంది. కావున ఈ దిగువ విషయములు తమరికి మనవి చేసుకొనుచున్నాను.

1. నేను ఈ దుకాణం నడిపే పరుపుల కంపెనీవారి ఫోన్ల విభాగంలో చేరితిని. ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఫోన్ చేసి వరస కలపడం మా పని. ఫోన్ ఎత్తిన గొంతు విని అక్కా అనాలో, పిన్నిగారూ అనాలో, బాబాయిగారూ అనాలో రెప్పపాటులో తేల్చుకోవాలి. అక్కా అనాల్సిన మనిషిని పిన్నిగారూ అంటే టక్కున పెట్టేస్తుంది, అందులో ఆవిడ తప్పేమీ లేదు. పరుపు అనే మాట మేము ముందుగా ఎత్తరాదు. “నిద్ర ఎలా పడుతోంది పిన్నిగారూ?” అని అడిగి ఊరుకోవాలి. ఆ ప్రశ్న మనుషులను ఎవరూ అడగరు కాబోలు, అడిగితే చాలు కట్ట తెగినట్టు మాట్లాడతారు. నడుం నొప్పి దగ్గర మొదలై కోడలి దగ్గర తేలతారు. ఆ ప్రశ్న కనిపెట్టింది నేను. అందుకు కంపెనీవారు సభ పెట్టి నాకొక గోడ గడియారం బహూకరించారు. అది నడవదు.

2. చేరిన కొత్తలో, చేయి తిరగడానికని, చుట్టాల నంబర్లు ఇమ్మన్నారు. కొత్తగా చేరిన అమ్మాయిలందరితోనూ అలాగే ఇప్పిస్తారు. ముందు సొంతవాళ్లకు అమ్మి సిగ్గు పోగొట్టుకుంటే తర్వాత పరాయివాళ్లకు అమ్మడం తేలికట. నేను పిన్ని నంబరు, బాబాయి నంబరు ఇచ్చాను. నాకు ఇంకెవరున్నారు ఇవ్వడానికి?

3. పోయిన సంవత్సరం నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. బయటి చప్పుడు రాకుండా గోడల నిండా కోసిన పరుపు ముక్కలు అంటించి ఉన్నాయి. కొత్తగా చేరేవాళ్లకు నేర్పడానికని చెప్పి నా చేత మాట్లాడించి రికార్డు చేసుకున్నారు. నవ్వమన్నారు, నవ్వాను. “అయ్యో” అనమన్నారు, అన్నాను. చివరకు “ఊఁ” అనమన్నారు. వింటున్నాను అనే ఊఁ, నమ్మలేకపోతున్నాను అనే ఊఁ, అవతలివాళ్లు ఏడుస్తుంటే అనే ఊఁ, అన్నీ వేరువేరుగా అడిగి తీసుకున్నారు. ఊఁ కొట్టడానికి ఇంత శ్రద్ధ ఎందుకా అని అప్పుడే అనుమానించాల్సింది. పొగిడారు కదా, అనుమానం రాలేదు.

4. ఆ తర్వాత కొద్దికాలానికే ఫోన్ల విభాగం మూసేశారు. అమ్మాయిలందరినీ పంపించేసి, కుర్చీలు బల్లల మీద తిరగేసి పెట్టారు. నన్ను మాత్రం “మన పాత మనిషి” అని దుకాణంలోకి మార్చారు. వచ్చినవాళ్లు పరుపుల మీద పడుకుని, దొర్లి, పిల్లలచేత గంతులేయించి వెళ్లిపోతే, వెనకాలే దుప్పటి ముడతలు తీయడం నా పని. మాట్లాడే పని నా గొంతుకు ఇచ్చారు, దుప్పటి సర్దే పని నాకు ఇచ్చారు. పాత మనిషిని ఎందుకు ఉంచుకున్నారో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు కొంచెం తెలుస్తోంది.

5. నేను వేరే పేటలో హాస్టల్లో ఉంటాను. పిన్నికి ఫోన్ చేయడం తక్కువ, అది నిజం. అయితే కంపెనీ యంత్రంలో ఉన్న నా గొంతు తక్కువ చేయలేదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది. పిన్ని చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను:

“నువ్వే కదే చేశావు! ఆఫీసు నంబరు నుంచి. ‘నిద్ర ఎలా పడుతోంది పిన్నిగారూ’ అన్నావు. గారూ ఏమిటే, కొత్తగా అనుకున్నా. పక్కన ఆఫీసువాళ్లు ఉన్నారు కాబోలు, పిల్ల మర్యాదగా మాట్లాడుతోంది అనుకుని మురిసిపోయా.”

“అప్పుడు నువ్వేం చెప్పావు పిన్నీ?”

“నా నిద్రకేం, బండరాయిలా పడుకుంటా, మీ బాబాయికే పట్టడం లేదు అన్నా. కుడి చెవిలో ఈల వేసినట్టు మోతట, ఆ పక్క వినబడటమూ తగ్గింది, డిపోలో తెలిస్తే బస్సు ఎక్కనివ్వరు, ఎవరితోనూ అనకే అని ఒట్టు కూడా వేయించుకున్నా.”

“ఒట్టు వేసిందా!”

“వేసిందా ఏమిటే, వేశావు! ‘అయ్యో, ఎవరికి చెబుతాను పిన్నిగారూ’ అన్నావు. ఎంత బాగా అన్నావో.”

అయ్యా, నా గొంతు ఒట్టు వేసినది. నేను వేయలేదు. దీనిని తమరు ప్రత్యేకంగా గమనించగోరుచున్నాను.

6. తదుపరి ఒక వినికిడి యంత్రాల కంపెనీవారు బాబాయికి ఫోన్ చేసిరి. బాబాయి బస్సు డ్రైవరు. చెవి మందగించినప్పటి నుంచి ఎవరు చేసినా ఫోన్ గట్టిగా పెట్టి, బల్ల మీద ఉంచి మాట్లాడతాడు. ఆ సమయంలో డిపో విశ్రాంతి గదిలో డ్రైవర్లు, కండక్టర్లు టీలు తాగుతున్నారు. “సార్, మీ కుడి చెవి మోతకు మా దగ్గర చక్కని పరికరం ఉంది. డ్యూటీలో పెట్టుకున్నా ఎవరికీ కనబడదు” అని గది మొత్తానికి వినిపించింది. ఒక కండక్టరు “అన్నా, అటువైపు నిలబడి మేం తిట్టినవన్నీ వృథాయేనన్నమాట” అన్నాడట. అందరూ నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ డిపో అధికారి నవ్వలేదు.

పరీక్ష చేయించారు. బస్సు దింపేశారు. ఇప్పుడు బాబాయి, ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన గొడుగులకూ టిఫిను డబ్బాలకూ కాపలా. చెవి సరిగా వినబడని మనిషి బస్సు నడపకూడదు. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను, బాబాయీ ఒప్పుకుంటాడు. వచ్చే నెల తానే వెళ్లి డిపోలో చెప్పాలనుకున్నాడట. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలుపు దగ్గరకు వేసి, కూర్చుని చెప్పాల్సిన మాట అది. బల్ల మీద ఫోన్ చెప్పేసింది. నాతో ఆయన అన్నది ఒక్కటే మాట: “నా నోటితో చెప్పుకోవాల్సింది నువ్వు నోరు జారావు. నీకేం మిగిలిందే అందులో?”

7. నేను కాదని రుజువు చేయడానికి సెలవు రోజున వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను. పిన్ని పొయ్యి దగ్గర ఉంది, నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఫోన్ మోగింది. గట్టిగా పెట్టమన్నాను.

“నిద్ర ఎలా పడుతోంది పిన్నిగారూ?”

పిన్ని ఫోన్ వంక చూసింది, నా వంక చూసింది, నా నోటి వంక చూసింది. నా నోరు మూసే ఉంది.

“ముందే మాట్లాడి ఇందులో పెట్టావా ఏమిటే?” అంది.

“ఎవరు నువ్వు?” అని నేను ఫోన్‌ను అడిగాను.

“పరుపుల కంపెనీ నుంచి అక్కా. మీ గొంతు బాగా అలిసినట్టుంది. రాత్రిళ్లు సరిగ్గా నిద్ర పట్టడం లేదా? ఊఁ?”

తమరి దగ్గర దాచడం ఎందుకు, లేదని చెప్పబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఊఁ అలాంటిది. చేసినదాన్ని నేనే, అయినా నాకు పని చేసింది. ఫోన్ నేనే కట్టేశాను.

పిన్ని మళ్లీ గరిటె అందుకుంది. “సరేలే, యంత్రమే అనుకుందాం. దానికి నేర్పింది ఎవరు? నువ్వేగా?” అంది. తర్వాత ఇంకో మాట అంది. “ఎంత ఓపిగ్గా అడిగేదే తల్లీ. నువ్వెప్పుడైనా అడిగావా, బాబాయికి నిద్ర పడుతోందా అని?”

దీనిని ఫిర్యాదుగా పరిగణించవలసిన పని లేదు. వరస సంఖ్య తప్పకూడదని రాశాను.

8. మా సార్‌ను అడిగాను. ఆయన కుర్చీ వెనక గోడ మీద “మనమంతా ఒకే కుటుంబం” అని రాసి ఉంటుంది.

“అది నీ గొంతు కాదమ్మా. నీ గొంతులాంటి గొంతు.”

“మరి ఆ ఊఁ?”

“ఊఁ ఎవరబ్బ సొత్తు? లోకమంతా ఊఁ అంటుంది.”

“విన్న మాటలు చెవుల కంపెనీకి ఎందుకు అమ్మారు సార్?”

“అమ్మడమేమిటి, అంత మాట! మన భాగస్వాములతో పంచుకుంటాం. మీ బాబాయికి మంచి పరికరమేగా చూపించారు? చెవుడు ఉన్నవాడికి చెవి అమ్మడం తప్పా? మనమంతా ఒకే కుటుంబం.”

“నేను అడుగుతున్నదీ కుటుంబం గురించే సార్.”

ఆయన నవ్వి నాకు పైమెట్టు ఉద్యోగం ఇస్తానన్నాడు. చల్లని గదిలో కూర్చుని నా గొంతు చేసే ఫోన్లు వినాలి. ఎక్కడ వరస తప్పు కలిపిందో, ఎక్కడ అయ్యో అనాల్సిన చోట నవ్విందో సరిదిద్దాలి. “నీకంటే బాగా ఎవరు పట్టుకోగలరమ్మా?” అన్నాడు. పాత మనిషిని ఉంచుకున్నది ఇందుకు. సోమవారానికల్లా జవాబు చెప్పమన్నాడు.

9. అప్పటి నుంచి ఎవరు “ఎలా ఉన్నావ్” అన్నా, ఎందుకడుగుతోంది ఈ మనిషి అనిపిస్తోంది. పాలవాడు అడిగినా అంతే. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి “నిద్ర పట్టలేదా?” అంటే గోడవైపు తిరిగి పడుకున్నాను. పాపం ఆ పిల్ల నిజంగానే అడిగి ఉంటుంది. తేల్చుకోవడం ఎలాగ?

10. ఈ విషయమై ఫిర్యాదు చేయు విధానం తెలుసుకొనుటకు తమరి కార్యాలయపు సహాయవాణికి ఫోన్ చేసితిని. “నమస్తే అక్కా, మీ సమస్య ఏమిటి?” అన్నది నా గొంతు.

నా గొంతు ఎవరో తీసుకున్నారని దానికి చెప్పాను.

“అయ్యో” అంది. అది పరుపు ముక్కల గదిలో నా దగ్గర తీసుకున్న అయ్యో. “మీ ఫిర్యాదు మాకెంతో విలువైనది అక్కా. వివరంగా చెప్పండి, వింటున్నాను.”

వింటుందని నాకూ తెలుసు. వినిపించింది ఎక్కడికి చేరుతుందో తెలియకనే, ఇది కాగితం మీద నా చేతిరాతతో రాసి స్వయంగా తెచ్చి ఇస్తున్నాను. అర్జీ ఎవరికి ఇవ్వాలని అడిగినప్పుడు తమరి గుమాస్తా గారు “ఫోన్లో చెబితే సరిపోయేది కదమ్మా, ఇప్పుడెవరు రాస్తున్నారు” అన్నారు. ఆయన మాటను కూడా మనసులో నమోదు చేసుకున్నాను.

కావున తమరు దయతో, కంపెనీవారు నా గొంతు వాడకుండా ఆపించవలెనని. విన్న మాటలు ఎవరెవరికి చేరినవో వారి చేత చెప్పించవలెనని. బాబాయి చెవి సంగతి బయటపెట్టింది ఇంటి మనిషి కాదని డిపోవారికీ, వీలుంటే బాబాయికీ ఒక లేఖ రాయవలెనని. తమరి సహాయవాణిలో ఎవరైనా మనిషిని, గొంతు కీచుగా ఉన్నా సరే, కూర్చోబెట్టవలెనని కోరుచున్నాను.

చిత్తగించవలెను అని లేకపోతే అర్జీ తీసుకోరని గేటు దగ్గరి పెద్దాయన చెప్పాడు. కనుక చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు
(విధేయత ఈ కాగితం వరకే)

మరొక మాట. కాగితం తిప్పి చదవగలరు.

తమరింట్లో ఉన్న పరుపు మా కంపెనీదే. అమ్మగారికి ఫోన్ చేసి అమ్మింది నేను. అప్పట్లో ఆ పని ఇంకా మనుషులే చేసేవాళ్లు. నిన్న మధ్యాహ్నం నా సొంత ఫోన్ నుంచి మళ్లీ చేశాను, ఈ గొంతుతో ఎవరు పలకరించినా ఇంటి సంగతులు చెప్పవద్దని అనడానికి. పిన్నిగారూ అన్నానో లేదో, “నువ్వా తల్లీ! నువ్వొక్కదానివే విసుక్కోకుండా చేస్తూ ఉంటావు” అన్నారు. తమరికి నిద్ర పట్టడం లేదని చెప్పారు. ఎందుకు పట్టడం లేదో కూడా చెప్పారు. నేను అడగలేదు. ఆపమని మూడుసార్లు అన్నాను, ఆగలేదు. ఆ కారణం ఇక్కడ రాయను, ఎక్కడా చెప్పను. నాకంటే ముందు విన్న ఆ గొంతు మాత్రం ఎవరికి చెప్పిందో నాకు తెలియదు. తమరికీ తెలియదు.

సోమవారం మా సార్‌కు ఆ ఉద్యోగం వద్దని చెబుతాను. దుప్పట్లు కూడా ఆ రోజుతో మానేస్తాను. తర్వాత మా కంపెనీ ఫోన్లు వెళ్లే ఇళ్లలో నాకు తెలిసిన ప్రతి ఇంటికీ ఇదే గొంతుతో ఫోన్ చేస్తాను. పరుపు మంచిదే, కావాలంటే దుకాణానికి వెళ్లి పడుకుని చూసి కొనుక్కోండి, నిద్ర సంగతి మాత్రం ఇంట్లో మనిషికి చెప్పుకోండి అంటాను. మాట్లాడింది నేనో, వాళ్ల గొంతో కంపెనీవారు తేల్చుకోలేరు. తమరు పిలిచి అడిగితే నేనే అని చెబుతాను.

పిన్నికి ఫోన్ చేయను. ఆ ఇంటికి నడిచి వెళ్తాను. బాబాయికి ఎడమ పక్కన కూర్చుని, నిద్ర ఎలా పడుతోందని అడుగుతాను.

ఇందుకు అనుమతి కోరడం లేదు. తెలియజేస్తున్నాను.