పన్నెండు మాటలు తక్కువ

గూడెం కొత్తవీధి,
మే 8

నిర్మలక్కా,

ఫోన్లో చెబితే మధ్యలోనే కసురుతావని పాడేరు జీపులో ఈ ఉత్తరం పంపుతున్నాను. పూర్తిగా చదివాకే తిట్టు.

సందీప్ మోసగాడు. విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ మన కువి భాష మాటల యాప్‌కి రెండేళ్లుగా ఊరికే పనిచేస్తున్నాడంటే నాకెప్పుడూ అనుమానమే. కోడ్ అందరికీ తెరిచే పెట్టాం. కానీ దాన్ని యాప్‌గా కట్టుకోవడం మన గూడేల్లో ఎవరికొచ్చు? అందుకే నొక్కగానే ఫోన్లో ఎక్కే ఫైలు మొదటిసారి విడుదల చేద్దామనుకున్నాం. ఆ ఫైలు మీద ఎవరి డిజిటల్ సంతకం పడితే తర్వాతి మార్పులన్నీ వాళ్ల చేతిలోనే. అది తనే పెడతానన్నాడు. కాఫీ పళ్లు మిషన్లో పోసుకునే నాలాంటివాడికి సంతకమెందుకు అనుకున్నాడేమో!

ఒకే కోడ్ నుంచి ఇద్దరం విడివిడిగా కట్టి పోల్చాం. అతని ఫైలు చిన్నది. విప్పి చూస్తే, ముత్యాలమ్మ పెద్దమ్మ గొంతుతో రికార్డు చేసిన పన్నెండు మాటలు లేవు. ఫోన్ చేశాను. "ఉన్నదే కట్టాను బాబూ, ఓసారి నీ వైపు కూడా చూసుకో" అన్నాడు నింపాదిగా. దొంగ అన్నా కోపం రాలేదు. తప్పు లేనివాడికి కోపం రాదా అక్కా? "మా మాటలు కోసేశాడు" అని ప్రాజెక్టు పేజీలో అందరూ చూసేలా రాసేశాను. ఆదివారం అతన్ని తీసేసి నా ఫైలే విడుదల చేస్తాను.

నీ తమ్ముడు,
కామేష్

గూడెం కొత్తవీధి,
మే 10

సందీప్ అన్నా,

ఇలా పిలవడానికి నాకు మొహం లేదు. అయినా పిలుస్తున్నాను.

నిన్న నీ మీద చాడీలు చెబుదామని పెద్దమ్మ దగ్గరికెళ్లాను. చింతపండు పిక్కలు తీస్తున్నదల్లా పకపకా నవ్వింది.

"ఏ మాటలురా? మామిడి కొత్తకి సెప్పేవా?"

"అవే."

"కొత్త పండగవకుండా మామిడికాయ నోట్లో ఎట్టం గదా. ఆ మాటలూ అందాకా బయటికి ఇడవకని నానే అన్నాను గదరా గుంటడా! దాసీసానన్నావు. ఏటి, మరిసిపోనావా?"

మరిచిపోయాను. ఫిబ్రవరిలో ఆవిడకు మాటిచ్చి, ఆ పన్నెండూ నా కంప్యూటర్ దాటకుండా నేనే అడ్డు పెట్టాను. ఏప్రిల్లో పండగైంది. మామిడికాయలు తిన్నాను, అడ్డు తీయలేదు. కోడ్‌లో లేనిదాన్ని నువ్వెలా కడతావు? తెరిచిన కోడ్ అని చెప్పి, నా ఒక్కడి దగ్గరున్నదాంతో కట్టిన ఫైలు పంచబోయింది నేను. నువ్వు మైదానం వాడివని దొంగవనుకున్నాను. ఇంకే ఆధారమూ లేదు.

పేజీలో రాసింది తుడవను. తుడిస్తే నిన్ను తిట్టిందెవరో తెలియకుండా పోతుంది. కిందే నిజం రాశాను. పెద్దమ్మ సరేనంది, పన్నెండూ కోడ్‌లో పెట్టేశాను.

సంతకం నీ ఒక్కడి దగ్గరుండడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. నా ఒక్కడి దగ్గరా వద్దు. ఆ సంతకం పెట్టే డిజిటల్ తాళంచెవిని రెండు ముక్కలు చేసే పద్ధతి ఉంది. నీ ముక్క నీకు పంపాను. ఇద్దరం కలిస్తేనే సంతకం పడుతుంది. నువ్వు రానంటే విడుదల లేదు.

కామేష్