గడి బావిలో లస్మవ్వ

కోరుట్ల

మామయ్యకు నమస్కారం.

సిరిసిల్లలో మీరంతా బాగున్నారని తలుస్తాను. ఫోనులో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను.

ఆదివారం అమ్మ పట్టుబడితే, బుగ్గారం అవతల మీ పాత ఊళ్లోని దొర గడికి తీసుకెళ్లాను. కోటలాంటి ఆ పాడుబడిన బంగళాలో దయ్యం ఉందని వీడియోలు తీసేవాళ్లు వస్తున్నారు. మేం వెళ్లేసరికి ఇద్దరు యువకులు బావిలోకి ఫోన్ పెట్టి, "ఓ దయ్యం, ఒక్కపాలి బయటికి రా" అని నవ్వుతున్నారు.

అమ్మ ఒకతని చేయి పట్టుకుంది. "దయ్యం గాదు కొడుకా. గామె మా అక్క లస్మవ్వ."

మామయ్యా, పెద్దమ్మ ఎవరితోనో బొంబాయి వెళ్లిపోయిందని నీకు చెప్పింది అబద్ధం. యాభై ఏళ్ల కింద, నువ్వింకా పాలు తాగేవాడివి. గడిలో వెట్టికి పోయిన పెద్దమ్మ మూడోరోజు ఆ బావిలో తేలింది. దొర మనుషులు శవాన్ని ఇవ్వలేదు. "లేచిపోయిందని చెప్పుండ్రి. లేకుంటే రేపటి సంది చిన్నదాన్ని పంపుండ్రి" అన్నారట. ఆ చిన్నది అమ్మ. తాత అలాగే చెప్పాడు. ఇంట్లో ఎవరూ పైకి ఏడవలేదు.

అమ్మ బావి గట్టున కూర్చుని ఆదివారం ఏడ్చింది. ఆ యువకులు వీడియో చెరిపేసి మంచినీళ్లు తెచ్చిచ్చారు.

తోడబుట్టినవాడివి, నువ్వు వచ్చి పెద్దమ్మకు కర్మ చేయాలని అమ్మ కోరిక. కర్మ చేయించే అయ్యగారిని అడిగితే చనిపోయినామె వయసెంత అన్నారు. ఇప్పటి లెక్కన అరవై దాటి ఉంటుందని చెప్పబోయాను.

అమ్మ నన్ను ఆపి, "పద్నాలుగు" అన్నది.

నీ మేనకోడలు