ఎవరి పేరు మీద చదవాలి

యూఫ్రోసీనా అక్కగారికి నమస్కారాలు.

అనాథాశ్రమం నడిపే పెద్దాయన పిల్లల పాల సొమ్ము తిన్నమాట నిజమే, కోర్టులో ఒప్పుకున్నాడు. కానీ అక్కడ పిల్లల్ని చంపి పెరట్లో పూడ్చారనీ, గుంతలు తవ్వింది కాపలా కాసే మా ఆయనేననీ ఊరంతా అంటుంటే, నేనూ ఒక పూట ఆయన చేతుల వంక చూశాను.

ఆ ఆదివారం జనం పెట్రోలు డబ్బాలతో మీ ఇంటికొచ్చి, మీరు ఊరి ప్రకటనలు చదివే మైకులో ఆ మాట చదివి అందర్నీ మా గుమ్మం మీదికి పిలవమన్నారట. ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి టమాలీలు అమ్ముకునేవాళ్ళని రోజూ అడిగినట్టే అడిగారట మీరు.

"చదువుతాను. ఎవరి పేరు మీద చదవమంటారు?"

"ఊరంతా అంటోంది కదక్కా" అన్నాడట కసాయి మెల్కియాదెస్.

"అన్నవాళ్ళు కాదురా, చూసినవాడి పేరు చెప్పు. పేరు లేకుండా కోడి తప్పిపోయిందని కూడా చదవను నేను."

చూశానని ఒక్కరూ పేరివ్వక, డబ్బాలు పట్టుకుని వెనక్కి మళ్ళారట. తర్వాత పోలీసులు పెరడంతా తవ్వినా ఏమీ దొరకలేదు. మా ఆయన ఇవాళ నా ఎదురుగా కూర్చుని పిండి కలుపుతున్నాడంటే అది మీ చలవే.

ఒక్క మనవి. రేపు పొద్దున మా ఇంట్లో వేడి టమాలీలు ఉంటాయని చదవండి. ఆ రోజు డబ్బాలు పట్టుకొచ్చినవాళ్ళే కొనడానికి వస్తారు, రానివ్వండి. మా ఆయన పేరు మీద చదవండి, కాస్త గట్టిగా.

మీ మైకు వినపడే వీధిలోని
చెల్లెలు