పూజ చేసిన బండి

రిసాలి,
శనివారం.

చిరంజీవి తమ్ముడు లక్ష్మీప్రసాద్‌ను అన్నయ్య దీవించి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా. బొబ్బిలిలో చెల్లెలి ఇంట నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఫోను ఎత్తడం లేదు గనుక కలం పట్టాను.

ముందు నువ్వు ఉత్తరంలో అడిగిన కోటమ్మత్త సంగతి. సుపేలా మలుపులో మన భజన వ్యాను స్తంభానికి గుద్దుకున్నప్పుడు విరిగిన కాలికి కట్టు విప్పారు. వాకరు పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. నిన్న చూడబోయి, అలవాటు కొద్దీ కర్మఫలం గురించి అందుకున్నాను.

"ఏటి బాబూ, ఇరిగింది నా కాలు, సెవులు కావు. పురాణం ఆపు. పెసాదు ఎప్పుడొస్తాడో సెప్పు. ఆడు బండి తోల్తే నాను హాయిగా కునుకు తీసీదాన్ని" అంది.

ఇక నీ మీద కేసు. అజాగ్రత్తగా నడిపావని ఠాణాలో రాసుకున్న కాగితం ఇంకా అలాగే ఉంది. అది తేలేదాకా నీ చేతికి ఎవరూ బండి ఇవ్వరు.

నువ్వు ఊరు విడిచిన ఆదివారం స్మృతి నగర్ ప్రవచన సభలో నేనేం చేశానో నీకెవరూ చెప్పి ఉండరు. మైకు పట్టుకుని, "తమ్ముడైనా సరే, తప్పు తప్పే! ఏమరుపాటే మహాపాపం!" అని గర్జించాను. జనం చప్పట్లు కొట్టారు. సొంత రక్తాన్నీ విడిచిపెట్టని మనిషి అన్నారు. ఆ మాటకు ఈ పాపిష్ఠి గుండె పొంగింది.

తమ్ముడూ, ఇక దాచలేను. విశ్వకర్మ పూజనాడు వ్యానును మెకానిక్ శశిధర్ దగ్గరకు తీసుకెళ్లింది నేనే. అతను కిందకు వంగి చూసి, "గురూజీ, బ్రేక్ ఆయిల్ కారుతోంది, బ్రేక్ షూలు అరిగిపోయాయి. ఇవాళ ఔజార్లు పూజలో ఉన్నాయి, పనిముట్టు ఏదీ ముట్టుకోను. కల్ సుబహ్ పక్కా తెచ్చీండి" అన్నాడు. మర్నాడు దుర్గ్‌లో నా ప్రవచనం. ఆ మర్నాడు మరొకటి. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను, హారతి ఇచ్చాను, దేవుడు చూసుకోడా అనుకున్నాను. "అన్నయ్యా, సర్వీసింగ్ అయిందా?" అని నువ్వడిగితే, "అయిపోయింది, పోనీ" అన్నాను. పదకొండు రోజులు అబద్ధం మీద నడిపించాను నిన్ను.

యుద్ధం మధ్యలో, చుట్టూ శత్రువులుండగా, పగ్గాలు పట్టిన పరమాత్మే రథం దిగి గుర్రాలకు గుచ్చుకున్న బాణాలు పీకి, ఒళ్లు తోమి, నీళ్లు తాగించాడు. ఈ ఘట్టం వందసార్లు చెప్పాను. జనాన్ని ఏడిపించాను. స్వామికి తక్కువ కాని పని నాకు తక్కువైంది.

"బ్రేకు బదులు ఇంకోటి తొక్కానేమో అన్నయ్యా, నా కాలిని నేనే నమ్మలేకపోతున్నాను" అని రాశావు. ఆ వాక్యం చదివాక నాకు అన్నం సహించడం లేదు. నువ్వు తొక్కింది బ్రేకేరా. నీ కాలు తప్పలేదు. తప్పింది నా మాట.

ఈ పొద్దున శశిధర్‌ను వెంటబెట్టుకుని ఠాణాకు వెళ్లి, ఇదంతా రాసి సంతకం పెట్టాను. కాగితం తీసుకున్నారు గాని, ఏమవుతుందో చెప్పలేదు. రేపు సభలో అదే మైకులో చెబుతాను. దిగిపొమ్మంటే దిగిపోతాను. కానీ జనం కన్నా ముందు నీకు తెలియాలి.

రమ్మని పిలిచే ముఖం నాకు లేదు. కోటమ్మత్త పిలుస్తోంది, రా.

ఇట్లు,
నిన్ను నిందించిన నోటితోనే క్షమించమంటున్న
నీ అన్నయ్య
గోపాలస్వామి