చల్లగా కొలిచిన గిన్నె

జూన్ 2

గ్యాస్ పొయ్యి వెళ్ళిపోయింది. దాని చోట నల్లటి గాజు పలక ఒకటి వచ్చి కూర్చుంది. మంట లేదు, చప్పుడు లేదు. గాజు కింద తీగలు ఎర్రబడతాయి, అంతే.

ఇది మేనకోడలి ఏర్పాటు. అక్క రెండుసార్లు సన్నమంట మీద గ్యాస్ ఆపకుండా వదిలేసింది. మతిమరుపు కాదు. కంటి నరం ఎండిపోతోంది, చూపు తిరిగి రాదన్నాడు డాక్టరు. ఇన్నాళ్ళూ మంట బుస విని వంట చేసుకొచ్చింది. మేనకోడలు షరతు పెట్టింది: నెల రోజులు చూస్తాను, చెయ్యి కాలినా గాజు పగిలినా అమ్మని మా ఇంటికి తీసుకుపోతాను మామయ్యా అంది. అక్క నవ్వి, నన్ను కూర్చోబెట్టి మేపుతావు కాబోలు, కూర్చోవడం నాకు చేతకాదే అంది.

నేను నవ్వలేదు. బావ పోయాక పదకొండేళ్ళుగా అక్కా నేనూ ఒక్క ఇంట్లో ఉంటున్నాం. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకో రాయాలంటే ఇంకో నోటుబుక్కు కావాలి.

జూన్ 4

గిన్నెల పరీక్ష. పొయ్యి అమ్మిన షాపువాడు అంతా చెప్పి పంపాడు. అడుగు చదునుగా ఉండాలి, ఎర్రబడే వలయం కంటే పెద్దది కాకూడదు, ఈడ్వకూడదు, ఎత్తి దించాలి, పాకం ఒలికితే గట్టిపడక ముందే గీకెయ్యాలి. అక్క అంతా విని, కొత్త అల్లుడు కూడా ఇన్ని పేచీలు పెట్టడురా అంది.

ఒక్కో గిన్నె బోర్లించి, అడుగుకి స్టీలు స్కేలు ఆనించి, కిటికీ వైపు పట్టి చూశాను. సందులోంచి వెలుతురు కనిపిస్తే వంకర ఉన్నట్టు. నలభై రెండేళ్ళు వర్క్‌షాపులో లేత్ మిషను మీద లోహం చెక్కుతూ నేర్చుకున్న చదువు ఇది. బడి చదువు ఐదో తరగతిలోనే ఆగింది. వెలుతురు అబద్ధం చెప్పదనేవాడు మా ఫోర్మన్. ఆయన మాత్రం చెప్పేవాడు, ముఖ్యంగా మా లీవుల విషయంలో. ఆ సంగతి అలా ఉంచితే, పదకొండింటిలో తొమ్మిది ఫెయిల్. ఇనప బాణలి గాజు మీద ఉయ్యాల ఊగింది. అక్క ప్రాణం పెట్టుకున్న అల్యూమినియం గిన్నె అడుగున బొజ్జ పెంచింది.

పాసైన రెండూ అక్కకి నచ్చలేదు. పరాయి వాళ్ళింట్లో వండుతున్నట్టుందట.

జూన్ 9

అక్క అల్యూమినియం గిన్నె పట్టుకుని పాత వర్క్‌షాపుకి వెళ్ళాను. ఇప్పటి యజమాని నా దగ్గర పని నేర్చినవాడే, ఇంకా గురూ అనే పిలుస్తాడు. గిన్నె లోపల చెక్క దిమ్మ బిగించి, లేత్‌కి ఎక్కించి, అడుగు నేనే చదును చేశాను. స్కేలు పెట్టి చూస్తే వెలుతురు చుక్క లేదు. ఈ వయసులో ఆ కటింగ్! బస్సులో గిన్నెని ఒళ్ళో పెట్టుకుని, ఫస్టు క్లాసు తెచ్చుకున్న పిల్లాణ్ణి తీసుకొస్తున్నట్టు వచ్చాను.

జూన్ 10

పరువు పోయింది.

వేడెక్కేసరికి గిన్నె అడుగు కిందికి ఉబ్బి, గరిటె తగిలినప్పుడల్లా బొంగరంలా తిరిగింది. నూనె అంచులకి పారింది. మధ్యలో ఉల్లిపాయ మాడింది. అక్క వాసన పట్టి పొయ్యి ఆపేసి, నువ్వు కొలిచినప్పుడు గిన్నె చల్లగా ఉందా, వేడిగా ఉందా అని అడిగింది. చల్లగానే అన్నాను. నీ తెలివి తెల్లారినట్టే ఉంది, చల్లటి గిన్నెలో ఎవడు వండుతాడురా అంది.

వేడికి లోహం సాగుతుంది. బేరింగులకి వందల సార్లు ఆ లెక్క వేసినవాణ్ణి. అక్క గిన్నె దగ్గర మరిచిపోయాను.

జూన్ 12

మళ్ళీ లేత్. ఈసారి అడుగు మధ్యలో వెంట్రుకవాసి లోతు తీశాను, వేడికి పొంగి అదే చదునవుతుందని.

జూన్ 13, ఉదయం 8

చదునైంది. తిరగలేదు. కానీ చదునయ్యే క్షణాన టక్‌మంది, డబ్బా మూత నొక్కినట్టు. రెండు కటింగులకీ అడుగు పల్చబడిపోయింది. మా వర్క్‌షాపులో ఇలాంటి వస్తువు మీద రిజెక్ట్ అని సుద్దతో రాసి మూల పడేసేవాళ్ళం. కొత్తది కొంటానన్నాను. అక్క గిన్నె వదల్లేదు.

జూన్ 20

వారమైంది, ఏదీ మాడలేదు. కారణం అడగలేదు. వంట బాగున్నప్పుడు ప్రశ్నలు వెయ్యకూడదని ఆలస్యంగా నేర్చుకున్నాను.

జూన్ 24

ఇవాళ అక్క స్టీలు గిన్నెలో పాలు కాచి దించి, తుడుద్దామని ఆ చోటే చెయ్యి పెట్టబోయింది. మణికట్టు పట్టుకుని లాగాను. వేడి ఉందని చెప్పే ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఆమెకి అది కనిపించదు. తరవాత అక్క, ఇక ఈ పొయ్యి మీదికి నా గిన్నె తప్ప ఇంకోటి ఎక్కడానికి వీల్లేదు అంది.

మేనకోడలికి చెప్పలేదు. దాచానని ఇక్కడ రాసి పెడుతున్నాను.

జూలై 2

మేనకోడలు వచ్చింది. వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. అక్క కూర వండి, పొయ్యి ఆపి, కూర ఇంకో దాంట్లోకి తీసి, ఖాళీ గిన్నె మళ్ళీ గాజు మీదే పెట్టింది. తడిగుడ్డ పట్టుకుని నిలుచుంది. ఎర్ర లైటు ఆరిపోయింది. ఇక తుడవచ్చమ్మా, లైటు పోయిందిగా అంది మేనకోడలు. నాకు లైటెందుకే, అది ఇంకా అనలేదుగా అంది అక్క. ఎవరు అనలేదమ్మా అంది మేనకోడలు, నా వైపు కంగారుగా చూస్తూ. నోరు మూసుకుని ఆగవే అంది అక్క.

ఆగాం.

టక్‌మంది.

అక్క గిన్నె ఎత్తి, గాజు మీద అరచెయ్యి ఆనించింది. కూతురి చెయ్యి లాగి పక్కన పెట్టించింది. గోరువెచ్చన.

వేడెక్కినప్పుడొకటి, చల్లారాక ఒకటి. మంట నోరు మూయించిన చోట ఆమె ఇంకో గొంతు వెతుక్కుంది. నేను రిజెక్ట్ రాసింది ఆ గొంతుకే.

కావాలనే ఇలా చేశావా మామయ్యా అని అడిగింది మేనకోడలు. అవునందామని నోటిదాకా వచ్చింది. తప్పు కటింగ్ తల్లీ అన్నాను. పాలు కాచిన రోజు సంగతీ చెప్పేశాను. ఆలోచించి ఫోన్ చేస్తానని వెళ్ళిపోయింది.

జూలై 9

మేనకోడలు ఫోన్ చేసింది. తీసుకెళ్ళే మాట ఎత్తలేదు. గిన్నె ఏమంటోంది అని అడిగింది. ఇప్పుడే పొయ్యి మీద పెట్టామన్నాను. ఫోను గిన్నె దగ్గరగా పట్టుకున్నాను. అక్క పక్కన నిలబడింది.