రాహుకాలంలో గెలిచిన టైర్లు

ఏవండీ,

రేడియోలో నాలుగు స్నో టైర్లు గెలిచాను. నవ్వకండి.

రోజూ ఎనిమిదింటికి, ఫోన్ చేసినవాళ్లలో తొమ్మిదో మనిషికి బహుమతి ఇచ్చే మన లోకల్ స్టేషన్‌కి మీరు పదకొండేళ్లు ఫోన్ చేశారు. ఒక్కసారీ తగల్లేదు. సోమవారం మాత్రం ఫోన్ ముట్టుకునేవారు కాదు. "రాహుకాలమే! ఇప్పుడు చేస్తే ఉన్న టైర్లు కూడా పంక్చరవుతాయి," అనేవారు.

ఇవాళ సోమవారం. మీరు పోయి ఏడాది. మన ఫార్మింగ్టన్ హిల్స్ ఊరంతా మంచు. పొద్దున నేను నడుపుతుంటే మీ కారు అరిగిన టైర్లతో రెండుసార్లు జారింది. మార్చమని ఎన్నిసార్లు చెప్పాను! రేడియోలో ఇవాళ్టి బహుమతి టైర్లేనన్నారు. మీ మీద కోపంతో సిగ్నల్ దగ్గర ఫోన్ చేశాను. మొదటిసారికే తగిలింది!

"యు ఆర్ కాలర్ నైన్! వాట్స్ యువర్ నేమ్?" అని అరిచాడు అనౌన్సర్. తడబడి మీ పేరే చెప్పాను. సుబ్రహ్మణ్యాన్ని నాలుగు ముక్కలు చేసి ఊరందరికీ వినిపించాడు.

ఇంకేమైనా చెబుతారా అన్నాడు. గెలిస్తే చెప్పాలని షేవింగ్ అద్దం ముందు మీరు ప్రాక్టీస్ చేసిన "గుడ్ మార్నింగ్, మిచిగన్!" చెప్పేశాను.

నా నోట అచ్చం మీ యాసే వచ్చిందండీ.